గుండెపోటు తర్వాత మందులు: ఏవి జీవితాంతం, ఏవి కొన్నాళ్ళు, ఏవి డాక్టర్‌ని అడిగి ఆపొచ్చు

స్టెంట్ వేయించుకుని ఏడాది దాటినవాళ్ళు మా మందుల షాపుకి వచ్చి చీటీ చేతికిస్తూ అడిగే మాట దాదాపు ఒకటే: "ఇవన్నీ ఇంకా వాడాలంటారా?" ఛాతీలో నొప్పి లేదు, మెట్లు ఎక్కగలుగుతున్నారు, రిపోర్టులు బాగానే వచ్చాయి, అయినా రోజుకు ఆరేడు బిళ్ళలు తప్పట్లేదు. బావగారు జీవితాంతం వాడాల్సిందే అంటారు, పక్కింటాయన నేను రెండేళ్ళకే ఆపేశాను నాకేం కాలేదు అంటారు, వాట్సాప్‌లో ఇంకెవరో ఈ బిళ్ళలతో కిడ్నీలు పోతాయని వీడియో పంపుతారు. వీటన్నిటి మధ్యా మనిషి అయోమయంలో పడి ఎవరికీ చెప్పకుండా ఒక్కో బిళ్ళా మానేయడం మొదలుపెడతాడు. నాకు బాధ ఎక్కడంటే, చాలామంది ఆపకూడని బిళ్ళ ఆపేసి, ఆపినా పర్వాలేని బిళ్ళ మాత్రం శ్రద్ధగా వేసుకుంటుంటారు.

నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు. ఏ మందు ఎందుకు ఇస్తారో, ఎన్నాళ్ళు ఇస్తారో, ఆపితే ఏమవుతుందో చెప్పగలను. మీ ఒంటికి ఏది అవసరమో తేల్చాల్సింది మీ కార్డియాలజిస్టే. ఆయన గదిలో మీకు దొరికేది ఐదు నిమిషాలు, ఆ ఐదు నిమిషాల్లో ఏం అడగాలో తెలిసి వెళ్ళండి, అందుకే ఇదంతా రాస్తున్నాను.

మీ ముందున్న దారులు మూడు. చీటీలో ఉన్నవన్నీ ఉన్నవున్నట్టు ఎప్పటికీ వాడుకుంటూ పోవడం ఒకటి. బాగానే ఉన్నాను కదా అని అన్నీ ఆపేయడం రెండోది. ఒక్కో బిళ్ళనీ విడిగా తీసుకుని, ఇది ఇంకా కావాలా, డోసు తగ్గించొచ్చా, మార్చొచ్చా అని డాక్టర్‌తో తేల్చుకోవడం మూడోది. రెండో దారి గురించి నాకు ఏ అనుమానమూ లేదు, అది ప్రాణం మీదకి తెచ్చేది. మొదటిది క్షేమమే, కానీ అనవసరమైన బిళ్ళలు కూడా ఏళ్ళ తరబడి మిగిలిపోతాయి, వాటి ఖర్చుకీ నీరసానికీ విసిగి ఏదో ఒక రోజు మనిషి రెండో దారి పట్టేస్తాడు. అందుకే నా ఓటు మూడోదానికి.

దానికి ముందు మూడు కాగితాలు వెతికి పెట్టుకోండి. స్టెంట్ ఏ తేదీన వేశారో చెప్పే డిశ్చార్జ్ సమ్మరీ, గుండె ఎంత బలంగా కొట్టుకుంటుందో చెప్పే చివరి ఎకో రిపోర్టు (అందులో ఈఎఫ్ అని ఒక శాతం ఉంటుంది, 50 దాటితే మామూలుగా బాగున్నట్టే), ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎంతో చెప్పే లిపిడ్ ప్రొఫైల్. ఈ మూడూ చూడకుండా పక్కింటాయన ఇచ్చే సలహా ఆయన గుండెకి పనికొస్తుందేమో, మీ గుండె సంగతి ఆయనకి తెలియదు.

రక్తం పల్చబడే బిళ్ళలు

గుండెపోటు తర్వాత ఇవి సాధారణంగా రెండు ఇస్తారు. ఒకటి ఆస్పిరిన్ 75 ఎంజీ, మనవాళ్ళు ఎకోస్ప్రిన్ అంటారు. రెండోది క్లోపిడోగ్రెల్ గానీ టికాగ్రెలర్ గానీ ప్రసుగ్రెల్ గానీ. స్టెంట్ అంటే రక్తనాళంలో పెట్టిన లోహపు జాలీ, దాని మీద మన ఒంటి లోపలి పొర పరుచుకోవడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా ప్లేట్‌లెట్లు ఆ లోహానికి అతుక్కుని గడ్డ కట్టే ప్రమాదం ఉంది. అలా గడ్డ కడితే నాళం ఒక్కసారిగా మూసుకుపోతుంది, వచ్చేది చిన్న నొప్పి కాదు, పెద్ద గుండెపోటు. స్టెంట్‌లో గడ్డ కట్టినవాళ్ళని పరిశీలిస్తే ముందుగా కనిపించే కారణాల్లో ఒకటి, రెండో బిళ్ళని గడువుకి ముందే ఆపేయడం.

ఆ గడువు గుండెపోటు వచ్చినవాళ్ళకి మామూలుగా 12 నెలలు. రక్తస్రావం ప్రమాదం ఎక్కువున్నవాళ్ళకి, అంటే 75 ఏళ్ళు దాటినవాళ్ళు, అంతకుముందు కడుపులో పుండు పడి రక్తం పోయినవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, ఇలాంటివారికి డాక్టర్లు ఆరు నెలలకో అంతకంటే ముందో ఒకటి తీసేస్తుంటారు. మళ్ళీ మళ్ళీ గుండెపోటు వచ్చిన వాళ్ళకీ, షుగర్‌తో పాటు చాలా బ్లాకులున్న వాళ్ళకీ ఏడాది దాటాక కూడా రెండూ కొనసాగించొచ్చు. 2015లో వచ్చిన పెగాసస్ అధ్యయనంలో 21 వేల మందికి పైగా చూశారు, ఏడాది తర్వాత కూడా టికాగ్రెలర్ ఇస్తే మళ్ళీ గుండెపోటు రావడం తగ్గింది, దాంతో పాటు రక్తస్రావమూ పెరిగింది. అంటే ఇక్కడ రెండు వైపులా తూచాలి, ఆ తూకం మనిషి మనిషికీ మారుతుంది.

ఏడాది తర్వాత రెండోది ఆపేసి ఆస్పిరిన్ ఒక్కటీ జీవితాంతం ఉంచడం ఇన్నాళ్ళుగా ఉన్న పద్ధతి. 2021లో కొరియా నుంచి హోస్ట్ ఎగ్జామ్ అనే అధ్యయనం వచ్చింది, స్టెంట్ వేయించుకున్న 5,400 మందికి పైగా జనంలో సగం మందికి ఆస్పిరిన్ ఒక్కటే, సగం మందికి క్లోపిడోగ్రెల్ ఒక్కటే ఇచ్చి రెండేళ్ళు చూస్తే క్లోపిడోగ్రెల్ వాడినవాళ్ళకే ఇబ్బందులు తక్కువ వచ్చాయి. అందుకని మీ డాక్టర్ ఎకోస్ప్రిన్ తీసేసి క్లోపిడోగ్రెల్ ఉంచితే, పొరపాటున రాశారేమో అని కంగారు పడొద్దు. రెండిట్లో ఏదో ఒకటి మాత్రం ఉండాలి, అది ఆగకూడదు.

ఇక్కడ ఒక విషయం చాలా జాగ్రత్తగా చూడాలి. ఎకోస్ప్రిన్ గోల్డ్ లాంటి క్యాప్సూళ్ళలో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్ట్రాల్ మందు అటోర్వాస్టాటిన్ మూడూ కలిపి ఉంటాయి. సామర్లకోట వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన ఈమధ్య షాపుకి వచ్చి చీటీలో బీపీ బిళ్ళ ఒక్కటే ఇవ్వమన్నారు. "క్యాప్సూల్ వద్దా బాబాయ్ గారూ?" అంటే, "ఏడాదైపోయింది కదా బాబూ, రక్తం పల్చబడేది ఒకటి తీసెయ్యమన్నారు, అదే తీసేశాను" అన్నారు. డాక్టర్ ఆపమన్నది క్లోపిడోగ్రెల్, ఈయన ఆపేసింది మూడు మందులు. స్ట్రిప్ వెనక్కి తిప్పి, వెండి రేకు మీద సన్నటి అక్షరాల్లో ఒకదాని కింద ఒకటి ఉన్న మూడు పేర్లూ వేలు పెట్టి చూపిస్తే గానీ ఆయనకి అర్థం కాలేదు. వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయించాం, ఆయన ఆస్పిరిన్, స్టాటిన్ (అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందులని ఇలా అంటారు) విడివిడిగా రాసిచ్చారు. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది, డాక్టర్ కొత్త క్యాప్సూల్ రాస్తే పాతది కూడా కొనుక్కుని రెండూ కలిపి వేసుకునేవాళ్ళున్నారు, అప్పుడు ఆస్పిరిన్ రెండు సార్లు లోపలికి పోతుంది. చీటీ మారిన ప్రతిసారీ పాత స్ట్రిప్పులన్నీ తెచ్చి మీ ఫార్మసిస్టు ముందు పరిచి అడగండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

టికాగ్రెలర్ వాడేవాళ్ళలో కొందరికి ఊపిరి అందనట్టు అనిపిస్తుంది. మళ్ళీ గుండెకే ఏదో అయిందని హడలిపోతారు, లేదా బిళ్ళ పడట్లేదని చెప్పాపెట్టకుండా మానేస్తారు. రెండూ వద్దు, డాక్టర్‌కి చెప్తే పరీక్ష చేసి, మందు వల్లే అని తేలితే క్లోపిడోగ్రెల్‌కి మార్చగలరు. మార్చే పద్ధతి ఒకటుంది, మధ్యలో ఖాళీ రోజులు రాకూడదు. ఇది రోజుకు రెండు పూటలా వేసుకోవాల్సిన బిళ్ళ కూడా, రాత్రి డోసు మర్చిపోయేవాళ్ళు ఎంతమందో. మర్చిపోతే తర్వాతి పూట మామూలుగా ఒకటే వేసుకోండి, రెండు కలిపి వేసుకోవద్దు.

2018లో ఆస్పిరిన్ వల్ల లాభం లేదని పేపర్లలో వార్తలు వచ్చాయి, 2022లో అమెరికా నిపుణుల బృందం కూడా 60 దాటినవాళ్ళు కొత్తగా ఆస్పిరిన్ మొదలుపెట్టొద్దని చెప్పింది. ఆ మాటలు చదివి ఎకోస్ప్రిన్ ఆపేసినవాళ్ళు నాకు తెలుసు. ఆ సలహా అంతా ఎప్పుడూ గుండెజబ్బు రాని ఆరోగ్యవంతుల కోసం. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్ళ లెక్క వేరు, వాళ్ళలో మళ్ళీ గుండెపోటు, పక్షవాతం లాంటివి రావడాన్ని ఆస్పిరిన్ సుమారు ఐదో వంతు తగ్గిస్తుందని ఎన్నో అధ్యయనాలు కలిపి చూసి తేల్చారు. రోజుకు రూపాయి కూడా పడని బిళ్ళ అది.

మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రంలో రక్తం కనిపించినా, ముక్కు నుంచి రక్తం ఆగకపోయినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. ఐరన్ బిళ్ళలు వాడేవాళ్ళకీ మలం నల్లగానే వస్తుంది, ఆ సంగతి కూడా డాక్టర్‌కి చెప్పండి. చర్మం మీద అక్కడక్కడా చిన్న నల్ల మచ్చలు పడటం మాత్రం మామూలే, దానికోసం ఆపక్కర్లేదు.

కొలెస్ట్రాల్ బిళ్ళ: అందరూ ముందుగా ఆపేది ఇదే

"రిపోర్టు నార్మల్ వచ్చిందండీ, ఇంకా ఆ కొవ్వు బిళ్ళ ఎందుకు?" ఈ ప్రశ్న నేను వినని వారం లేదు. మా గోదావరి వైపు వాళ్ళకి నేను చెప్పేది ఇది: ఏటిగట్టు ఉంది కాబట్టి వరద ఊళ్ళోకి రాలేదు, రావట్లేదు కదా అని గట్టు తవ్వుకుంటామా? ఎల్‌డీఎల్ తగ్గింది బిళ్ళ వల్లే. ఆపితే కొన్ని వారాల్లో మళ్ళీ పాత చోటికే వెళ్తుంది.

పైగా ల్యాబ్ కాగితం మీద పక్కన అచ్చేసిన నార్మల్ విలువ, అంటే 100 లోపనో 130 లోపనో ఉండేది, మామూలు జనం కోసం. గుండెపోటు వచ్చినవాళ్ళకి ఐరోపా గుండె వైద్యుల సంఘం పెట్టిన లక్ష్యం 55 కంటే తక్కువ, అదీ మొదట్లో ఉన్నదాంట్లో కనీసం సగానికి తగ్గాలి. మన దేశపు లిపిడ్ సంఘం ఇంకా కిందికి, 50 లోపే ఉండాలంటుంది. దానికి కారణం ఉంది, మనవాళ్ళకి గుండెపోటు చిన్న వయసులోనే వస్తోంది. 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు వచ్చే వయసు మధ్యస్థంగా 53, మిగతా దేశాల వాళ్ళకి 59 దగ్గర ఉంది. కాబట్టి మీ ఎల్‌డీఎల్ 90 వస్తే అది మీకు నార్మల్ కాదు, ఆ కాగితం తీసుకుని డోసు పెంచాలా అని అడగాల్సిన స్థితి.

ఈ మందుతో ప్రాణాలు నిలుస్తాయని తేలి 30 ఏళ్ళు దాటింది. 1994లో స్కాండినేవియా దేశాల్లో గుండెజబ్బు ఉన్న 4,444 మందిని ఐదేళ్ళకు పైగా గమనించారు, స్టాటిన్ వాడనివాళ్ళలో 100కి దాదాపు 12 మంది చనిపోతే వాడినవాళ్ళలో 8 మంది. ఇప్పుడు వాడేవి, అంటే అటోర్వాస్టాటిన్ 40, 80 గానీ రోసువాస్టాటిన్ 20, 40 గానీ, అప్పటి మందు కంటే గట్టివి. వీటి పని కొలెస్ట్రాల్ అంకె తగ్గించడంతో అయిపోదు, రక్తనాళం గోడలో ఉన్న కొవ్వు గడ్డలు పగలకుండా గట్టిపరుస్తాయి. గుండెపోటు ఎక్కువగా వచ్చేది ఆ గడ్డ పగిలినప్పుడే కదా.

ఇక భయాల సంగతి. ఒళ్ళు నొప్పులు, పిక్కలు లాగడం అన్నది అందరికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు, ఆ నొప్పి నిజమైనదే, దాన్ని ఎవరూ కొట్టిపారేయకూడదు. అయితే నొప్పికి కారణం ఎప్పుడూ ఆ మందే కాకపోవచ్చు. 2020లో బ్రిటన్‌లో శాంసన్ అనే అధ్యయనం చేశారు, నొప్పులని స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకుని ఏడాది పాటు కొన్ని నెలలు అసలు మందు, కొన్ని నెలలు మందు లేని ఉత్తి బిళ్ళ, కొన్ని నెలలు ఖాళీ సీసా ఇచ్చారు. అసలు మందుతో వచ్చిన బాధలో 90 శాతం ఉత్తి బిళ్ళతోనూ వచ్చింది. తమ లెక్కలు తాము చూసుకున్నాక వాళ్ళలో సగం మంది మళ్ళీ మందు మొదలుపెట్టారు. మనవాళ్ళలో థైరాయిడ్ తక్కువగా ఉండటం, విటమిన్ డి తక్కువగా ఉండటం చాలా ఎక్కువ, రెండిటివల్లా ఒళ్ళు నొప్పులు వస్తాయి, కాబట్టి నెపం స్టాటిన్ మీద వేసే ముందు ఆ పరీక్షలు చేయించుకోండి. అప్పటికీ నొప్పి తగ్గకపోతే డోసు తగ్గించడం, అటోర్వా నుంచి రోసువాకి మార్చడం, తక్కువ డోసుకి ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందు కలపడం, ఇలా చాలా మార్గాలున్నాయి. ఆరు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ కూడా వచ్చింది గానీ ఖరీదు ఎక్కువ. కండరాలు బాగా నొప్పిచేసి మూత్రం ముదురు రంగులో వస్తే మాత్రం బిళ్ళ ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, చాలా అరుదు గానీ తెలిసి ఉండాలి.

షుగర్ కొద్దిగా పెరగడం నిజం, ఇప్పటికే షుగర్ అంచున ఉన్నవాళ్ళకి అది బయటపడొచ్చు. గుండెపోటు వచ్చినవాళ్ళకి దానివల్ల జరిగే నష్టం కంటే మందు కాపాడేది చాలా ఎక్కువ. లివర్ పాడవుతుందన్న భయానికి ఒకట్రెండు సార్లు రక్తపరీక్ష చేయించుకుంటే సరిపోతుంది.

స్టాటిన్ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. డోసు మారొచ్చు, పేరు మారొచ్చు, ఆ పని చేసే మందు ఏదో ఒకటి చివరిదాకా ఉండాలి.

బీటా బ్లాకర్: నిజంగా చర్చించదగ్గది ఇది

చీటీలో మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, కార్వెడిలాల్ అని ఉండేవి ఇవి. గుండె వేగాన్ని, బీపీని తగ్గిస్తాయి. నీరసం, చేతులు చల్లబడటం, కొందరు మగవాళ్ళలో దాంపత్య సమస్యలు, ఇలాంటివి వీటివల్ల వస్తాయి, చివరిది ఎవరూ పైకి చెప్పరు, చెప్పకుండా బిళ్ళే ఆపేస్తారు.

గుండెపోటు తర్వాత వీటిని ఏళ్ళ తరబడి ఇవ్వాలన్న పద్ధతి స్టెంట్లు, స్టాటిన్లు లేని 1980ల నాటి అధ్యయనాల నుంచి వచ్చింది. ఇప్పుడు నాళం వెంటనే తెరుస్తున్నారు కాబట్టి గుండె కండరం చాలామందిలో పెద్దగా దెబ్బతినదు. అలాంటి వాళ్ళకి అవసరమా అని మళ్ళీ చూశారు. 2024లో స్వీడన్ ముందుండి నడిపిన రెడ్యూస్ అధ్యయనంలో ఈఎఫ్ 50 లేదా అంతకంటే ఎక్కువున్న 5,020 మందిలో బీటా బ్లాకర్ వాడినవాళ్ళకీ వాడనివాళ్ళకీ తేడా కనిపించలేదు. 2025లో స్పెయిన్, ఇటలీల్లో ఎనిమిది వేల మందికి పైగా చేసిన రీబూట్ కూడా అదే చెప్పింది. అదే ఏడాది నార్వే, డెన్మార్క్ వాళ్ళ అధ్యయనంలో మాత్రం కొద్దిపాటి లాభం కనిపించింది. అంతకుముందు ఫ్రాన్స్‌లో అబిస్ అనే అధ్యయనం ఇంకో ప్రశ్న వేసింది, బాగానే ఉండి ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళు ఆపితే ఏమవుతుందని. ఆపినవాళ్ళలో బీపీ, గుండె వేగం పెరిగాయి, గుండె సమస్యలతో ఆసుపత్రిలో చేరడం కొంచెం ఎక్కువైంది, చావులు మాత్రం పెరగలేదు.

వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది ఇలా ఉంది. ఈఎఫ్ 40 లేదా అంతకంటే తక్కువుంటే ఇది తప్పనిసరి, ఆపే మాటే వద్దు. 40 నుంచి 50 మధ్య ఉంటే కొనసాగించడం వైపే మొగ్గు. 50 దాటి, ఛాతీ నొప్పి లేక, గుండె దడ జబ్బులేవీ లేక, బీపీకి కూడా దీని మీద ఆధారపడనివాళ్ళు మాత్రం ఏడాది దాటాక "నాకు ఇది ఇంకా అవసరమా?" అని ధైర్యంగా అడగొచ్చు, 2023 నాటి అమెరికా మార్గదర్శకాలు కూడా అలా మళ్ళీ పరిశీలించొచ్చనే చెప్తున్నాయి. డాక్టర్ సరే అంటే ఒకటి రెండు వారాల మీద డోసు తగ్గిస్తూ ఆపిస్తారు. ఉన్నపళంగా ఆపితే గుండె ఒక్కసారిగా వేగం అందుకుని ఛాతీ నొప్పి, ఒక్కోసారి గుండెపోటు కూడా రావొచ్చు, అందుకే ఈ బిళ్ళ అయిపోయిందని రెండు మూడు రోజులు కొనకుండా ఉండటం కూడా మంచిది కాదు.

రామిప్రిల్, టెల్మిసార్టన్

బీపీని, గుండె మీద భారాన్ని తగ్గించే బిళ్ళలు ఇవి. ఈఎఫ్ తక్కువున్నవాళ్ళకీ, షుగర్, బీపీ, కిడ్నీ జబ్బుల్లో ఏదున్నా వాళ్ళకీ ఇవి దీర్ఘకాలం ఉండాల్సినవే. ఇవేవీ లేనివాళ్ళకి లాభం తక్కువ, అడిగి చూడొచ్చు. రామిప్రిల్‌తో కొందరికి పొడి దగ్గు వస్తుంది, నెలల తరబడి దగ్గు సిరప్పులు కొంటారు గానీ బిళ్ళ వల్ల అని తట్టదు, డాక్టర్‌కి చెప్తే టెల్మిసార్టన్ లాంటిది రాస్తారు, దగ్గు పోతుంది. కిడ్నీలు పాడుచేస్తాయన్న మాట ఎక్కువగా వీటి గురించే వస్తుంది, షుగర్ ఉన్నవాళ్ళ కిడ్నీలని కాపాడటానికి ఇచ్చేవే ఇవి. మొదలుపెట్టిన కొన్ని వారాలకి రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం చూడాలి. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే డాక్టర్‌కి ఫోన్ చేయండి, ఆ రెండు మూడు రోజులు ఆపమని చెప్పొచ్చు. కోనసీమ వాళ్ళకి ఇంకో మాట: వీటితో పాటు స్పైరోనోలాక్టోన్ గానీ ఎప్లెరినోన్ గానీ (గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి ఇచ్చే బిళ్ళలు) వాడుతుంటే రోజూ కొబ్బరినీళ్ళు తాగే ముందు పొటాషియం చూపించుకోండి, రెండూ కలిసి పొటాషియాన్ని పెంచుతాయి, అది ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది.

గ్యాస్ బిళ్ళ సంగతి తొందరగా చెప్పేస్తాను. రక్తం పల్చబడే బిళ్ళలు రెండు వాడినన్నాళ్ళూ, ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి, కడుపులో రక్తస్రావం కాకుండా అది కావాలి. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్ కాకుండా పాంటొప్రజోల్ తీసుకోవడం మంచిది, మొదటి రెండూ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తాయి. రక్తం పల్చబడే రెండు బిళ్ళల్లో ఒకటి ఆపాక గ్యాస్ బిళ్ళ కూడా ఆపొచ్చేమో అడగండి. బిళ్ళలు తగ్గించుకోవాలని ఉంటే మొదట అడగాల్సింది దీని గురించే.

ఖర్చు వల్ల ఆపేవాళ్ళకి

2011లో 17 దేశాల్లో చేసిన ప్యూర్ అధ్యయనం ప్రకారం, అప్పట్లో మన దేశం లాంటి తక్కువ ఆదాయ దేశాల్లో గుండెజబ్బో పక్షవాతమో వచ్చినవాళ్ళలో 80 శాతం మంది ఈ మందుల్లో ఒక్కటి కూడా వాడలేదు. డబ్బు దానికి పెద్ద కారణమని షాపులో కూర్చుంటే తెలుస్తుంది. నెల మందులు రాస్తే పది రోజులవే ఇమ్మనేవాళ్ళు, రోజు విడిచి రోజు వేసుకునేవాళ్ళు ఉన్నారు. టికాగ్రెలర్ రోజు విడిచి రోజు వేసుకుంటే స్టెంట్‌కి కాపలా లేనట్టే. దానికంటే డాక్టర్‌తో "నాకు ఇది కొనే స్తోమత లేదు" అని తేటగా చెప్పి క్లోపిడోగ్రెల్‌కి మారడం ఎంతో మేలు. టికాగ్రెలర్ పేటెంట్ అయిపోయాక చాలా కంపెనీలు తయారు చేస్తున్నాయి, చవకవి దొరుకుతాయి. జన ఔషధి కేంద్రాల్లో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్, మెటోప్రొలాల్, రామిప్రిల్ లాంటివి బ్రాండ్ ధరలో చిన్న భాగానికే వస్తాయి, మందు అదే. ఆరోగ్యశ్రీలో స్టెంట్ వేయించుకున్నవాళ్ళు ఫాలో అప్ మందులు తమకి వర్తిస్తాయేమో ఆ ఆసుపత్రి ఆరోగ్య మిత్రని అడగాలి, చాలామందికి ఈ సంగతే తెలియదు.

బిళ్ళల సంఖ్యే విసుగైతే కలిపిన బిళ్ళ అడగొచ్చు. 2022లో ఐరోపాలో చేసిన సెక్యూర్ అధ్యయనంలో ఆస్పిరిన్, రామిప్రిల్, అటోర్వాస్టాటిన్ కలిపి ఒకే బిళ్ళగా ఇస్తే, విడివిడిగా వాడినవాళ్ళ కంటే పెద్ద గుండె సమస్యలు 24 శాతం తగ్గాయి, జనం మానకుండా వేసుకోవడం దానికి ఒక కారణం. కాకపోతే పైన చెప్పిన సామర్లకోట పెద్దాయన లాంటి చిక్కు రాకుండా లోపల ఏమున్నాయో రాసి పెట్టుకోండి.

మద్దిచెక్క కషాయం, వెల్లుల్లి, బ్లాకులు కరిగిస్తాయని చెప్పే సీసాలు, వీటి గురించి కూడా అడుగుతారు. కూరలో వెల్లుల్లి ఎంతైనా తినండి. స్టెంట్‌లో గడ్డ కట్టకుండా ఆపగలవని తేలినవి మాత్రం ఇందులో ఏవీ లేవు. వాకింగ్, సిగరెట్ మానడం, ఉప్పు తగ్గించడం మందులతో పాటు చేయాల్సిన పనులు, మందులకి బదులు కాదు.

ఆపమని ఇంకెవరైనా చెప్పినప్పుడు

పన్ను పీకించుకోవడానికి వెళ్తే ఐదు రోజుల ముందు రక్తం పల్చబడే బిళ్ళ ఆపి రమ్మంటారు కొందరు. పంటికీ, కంటి శుక్లం ఆపరేషన్‌కీ మామూలుగా ఆపాల్సిన పని లేదు. పంటి దగ్గర రక్తం నొక్కి పెడితే ఆగుతుంది. ఏ ఆపరేషన్ అయినా ఆపమన్నవాళ్ళకి స్టెంట్ తేదీ చెప్పి, కార్డియాలజిస్టుతో మాట్లాడించండి. వాయిదా వేయగలిగిన ఆపరేషన్లు మొదటి ఆరు నెలల్లో అసలు పెట్టుకోవద్దు, గుండెపోటు తర్వాతైతే ఏడాది ఆగడం ఇంకా మంచిది.

వానాకాలంలో డెంగీ వస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అప్పుడు ఈ బిళ్ళలు ఆపాలా వద్దా అన్నది కౌంట్ చూసి డాక్టర్లు తేలుస్తారు, చేరిన వెంటనే స్టెంట్ ఉందని చెప్పాల్సిన బాధ్యత ఇంట్లోవాళ్ళది. మోకాళ్ళ నొప్పులకి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు, ఐబుప్రోఫెన్ బిళ్ళలు వద్దు, అవి గుండెపోటు ప్రమాదం పెంచుతాయి, ఐబుప్రోఫెన్ అయితే ఆస్పిరిన్ పనికి కూడా అడ్డుపడుతుంది. పారాసిటమాల్ అడగండి. ఏకాదశి ఉపవాసం, రంజాన్ రోజాలు ఉండేవాళ్ళు ముందే చెప్తే మందుల వేళలు మార్చి ఇస్తారు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఉండబోయే నెలలకి సరిపడా మందులు, చీటీతో సహా హ్యాండ్ బ్యాగులో పెట్టుకోండి, చెక్ ఇన్ సామానులో వేయొద్దు.

ఇప్పటికే ఆపేసి ఉంటే

డాక్టర్ తిడతారని దాచిపెట్టొద్దు. గుండెపోటు వచ్చి ఏడాది కాకముందే రక్తం పల్చబడే బిళ్ళ ఆపి ఉంటే ఈ రోజే, వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా, ఆసుపత్రికి ఫోన్ చేసి ఏ రోజు నుంచి వేసుకోలేదో చెప్పండి, మొదటి డోసు ఎంత వేసుకోవాలో వాళ్ళు చెప్తారు. బీటా బ్లాకర్ చాలా రోజులుగా ఆపేసి ఉంటే పాత డోసు మొత్తం ఒక్కసారిగా మీరే మొదలుపెట్టకండి, అడిగి వేసుకోండి. స్టాటిన్ ఆపి నెలలైతే లిపిడ్ ప్రొఫైల్ చేయించుకుని ఆ కాగితంతో వెళ్ళండి. ఆపడానికి అసలు కారణం నొప్పులైనా, డబ్బైనా, దాంపత్యం సంగతైనా అదే చెప్పండి, దానికి తగ్గట్టే మందు మారుస్తారు. దాంపత్యం కోసం వయాగ్రా లాంటి బిళ్ళ మీ అంతట మీరు కొనుక్కోవద్దు, నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్‌తో అది కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

ఈ మధ్యలో ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు పడితే గ్యాస్ అనుకుని కూర్చోవద్దు. కింద కూర్చుని సార్బిట్రేట్ నాలుక కింద పెట్టుకోండి, ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి, బండి మీద వెనక కూర్చుని వెళ్ళే ప్రయత్నం చేయకండి.